భరిణె లోపలి ఖాళీ ఎవరిది?

హస్తకళల గురించి మన పత్రికల్లో వచ్చే వ్యాసాలు చదువుతుంటే ఒక పద్ధతి కనిపిస్తుంది. వస్తువు ఎంత నున్నగా ఉందో రాస్తారు. రంగులు ఎంత సహజమైనవో, కళాకారుడి కుటుంబం ఎన్ని తరాలుగా ఆ పని చేస్తోందో రాస్తారు. ఆ వస్తువు ఎవరింట్లోకి వెళ్లి అక్కడ ఏం చేస్తుందో రాయరు. దాన్ని తయారు చెయ్యడంలో ఎవరెవరి చేతులు పడ్డాయో అంతకంటే రాయరు. 'అలంకార వస్తువు' అన్న ఒక్క మాటతో ఆ రెండు ప్రశ్నలూ మూతపడిపోతాయి. స్త్రీవాద విమర్శ కథని ప్రశ్నించింది, కవిత్వాన్ని ప్రశ్నించింది, సినిమానీ పాఠ్యపుస్తకాన్నీ నిలదీసింది. అద్దం ముందూ, షోకేసులోనూ కుదురుగా కూర్చున్న గిన్నె జోలికి మాత్రం పెద్దగా పోలేదు. తరిమెన మీద తిప్పి చేసిన కొయ్య గిన్నెని ఒక రచనని చదివినట్టు చదవడానికే ఈ ప్రయత్నం.

మా దొరవారిసత్రం తరిమెన పనికి పేరుపడ్డ ఊరు కాదు. నేలపట్టుకి వచ్చే గూడబాతుల వల్ల నలుగురికీ తెలిసిన ఊరు. అయినా ఈ నెల్లూరు తీరపు ఇళ్లలో తరిమెన పట్టిన కొయ్య ఎప్పుడూ ఉంది. పెళ్లయిన స్త్రీకి కుంకుమ భరిణె. ఆమె కూతురికి లక్కపిడతలు, అంటే చిట్టి పొయ్యి, చిట్టి కుండ, చిట్టి గిన్నెలు, మూకుళ్లు. తిరుపతి వెళ్లొచ్చినవాళ్లు ప్రసాదంతో పాటు తెచ్చేవాళ్లు. కొడుక్కి బొంగరం. మూడూ ఒకే యంత్రం మీద, ఒకే రకం ఉలితో చేసినవే. బొంగరం వీధిలోకి పోతుంది. భరిణే, పిడతలూ ఇంట్లో ఉండిపోతాయి. బొంగరం నిండు కొయ్య, మిగతా రెండూ తొలిచిన కొయ్య. ఈ తేడా తయారీలో ఎక్కడ మొదలవుతుందో చూద్దాం.

తెలుగునాట తరిమెన పనికి పెద్ద పేరున్న చోటు అనకాపల్లి జిల్లాలో వరాహ నది ఒడ్డునున్న ఏటికొప్పాక. అక్కడ వాడేది అంకుడు కర్ర. తెల్లగా, మెత్తగా, సన్నని పోగుతో ఉంటుంది. పచ్చి కర్రతో గిన్నె చేస్తే ఆరేటప్పుడు ఒకపక్క ఎక్కువా ఒకపక్క తక్కువా ముడుచుకుంటుంది కాబట్టి ముందే ఆరబెట్టుకోవాలి. ముక్కలు కోసి, బెరడు తీసి, ముక్కని తరిమెన కొసకి గట్టిగా బిగిస్తారు. కర్ర తిరుగుతుంటుంది, ఉలి ఆనుకుని నిలబడుతుంది. చెక్కడంలో కదిలేది ఉలి, ఇక్కడ కదిలేది కర్ర. ముందు బయటి వంపు వస్తుంది. తర్వాత లోపల తొలవడం మొదలవుతుంది. చూసేవాళ్లకి బయటి వంపే కళగా కనపడుతుంది కానీ కష్టమంతా లోపలే. ఉలి మొన కంటికి సరిగ్గా కనిపించదు. గోడ మందం ఎంత మిగిలిందో చెవికి వచ్చే చప్పుడుని బట్టీ, చేతికి తెలిసే అదురుని బట్టీ పోల్చుకోవాలి. కాస్త ఎక్కువ తొలిస్తే గోడ చిల్లుపడుతుంది. భరిణె అయితే ఇంకో పరీక్ష, మూత. వదులైతే కుంకుమ ఒలుకుతుంది, బిగువైతే రాదు. ఆ రెంటి మధ్య సందు వెంట్రుకంత.

ఆ తర్వాత రంగు. దీన్ని కుంచెతో పూయరు. రంగు కలిపిన లక్క కడ్డీని తిరుగుతున్న కర్రకి ఆనిస్తే, ఆ రాపిడికి పుట్టిన వేడికే లక్క కరిగి కొయ్యకి పట్టుకుంటుంది. మొగలి ఆకుతో రుద్దితే మెరుపు వస్తుంది. పసుపు కొమ్ము, నీలి, జాఫరా గింజ లాంటి వాటితో రంగులు తీసే పద్ధతి రసాయన రంగుల తాకిడికి వెనకపడిపోతే, దాన్ని మళ్లీ నిలబెట్టడానికి సి.వి. రాజు దశాబ్దాల పాటు పనిచేశారు. 2023లో ఆయనకి పద్మశ్రీ వచ్చింది. పిల్లలు నోట్లో పెట్టుకునే వస్తువులకి ఏ రంగు వేస్తున్నామన్నది చిన్న సంగతి కాదు గనక ఆ గౌరవం న్యాయమైనదే.

ఇక లక్క సంగతి. ప్రధానంగా ఆడ పురుగు నుంచే మనకి లక్క వస్తుంది. మోదుగ, రేగు, కుసుమ లాంటి చెట్ల కొమ్మకి అతుక్కుని, ఇక అక్కణ్ణుంచి కదలకుండా, ఒంటి చుట్టూ జిగురు స్రవించి గూడు కట్టుకుంటుంది. ఆ గూట్లోనే గుడ్లు పెట్టి అక్కడే చనిపోతుంది. దీన్ని స్త్రీ జీవితానికి ఉపమానం చేసెయ్యడం చాలా తేలిక. నాకా తొందర లేదు. ఉపమానం కంటే ఉత్పత్తి గొలుసు ముఖ్యం. ఎక్కడో జార్ఖండ్, ఛత్తీస్‌గఢ్ అడవుల్లో కొమ్మల మీంచి లక్క గీకే ఆదివాసీ కుటుంబాల దగ్గర మొదలై, మా ఊళ్లో ఒక ముత్తైదువ అద్దం దగ్గర ఆగే గొలుసు అది. భరిణె మెరుపు గురించి రాసేవాళ్లు ఆ గొలుసులో ఒకే ఒక్క మనిషిని చూస్తారు, ఉలి పట్టుకున్న మనిషిని.

ఉలి పట్టుకోవడం ఒక్కటే తరిమెన పని కాదు. తరిమెన చరిత్రలో మనకి దొరుకుతున్న తొలి బొమ్మల్లో ఒకటి ఈజిప్టులో పెటోసిరిస్ సమాధి గోడ మీద ఉంది. క్రీస్తు పూర్వం నాలుగో శతాబ్దం చివరిది. అందులో ఇద్దరున్నారు. ఒకరు ఉలి పట్టుకున్నారు, ఇంకొకరు తాడు లాగుతూ కర్రని తిప్పుతున్నారు. మోటార్లు రాకముందు ఇలాంటి తాడు తరిమెనకి ఆ రెండో మనిషి లేకుండా ఒక్క గిన్నె కూడా పుట్టలేదు. అయినా గిన్నె ఎవరు చేశారంటే ఉలి పట్టుకున్నవాడి పేరే చెప్పుకున్నారు. శ్రమని ఇలా రెండుగా చీల్చి, ఒక సగానికి 'నైపుణ్యం' అనీ ఇంకో సగానికి 'సాయం' అనీ పేరు పెట్టడం మనకి కొత్త కాదు. పొలంలో నాట్లు వేసినా కలుపు తీసినా స్త్రీ చేసేది సాయమే, రైతు మాత్రం ఆయనే. మగ్గం ముందు కూర్చున్నవాడు నేతగాడు, ఆసు పోసి కండెలు చుట్టిన ఆమె నేతగాడి భార్య.

ఇప్పుడు తాడు లాగే మనిషి స్థానంలో మోటారు వచ్చింది. కానీ ఇల్లే కార్ఖానా అయిన కుటుంబ వృత్తిలో రెండో మనిషి చేసే పని అంతరించదు, రూపం మార్చుకుంటుంది. కర్ర ఆరబెట్టడం, సరుకు లెక్కపెట్టి సర్దడం, ఆ పని మధ్యలోనే వంట. వీటిలో ఏదీ 'కళ' లెక్కలోకి రాదు. పోగైన చెక్కపొడి ఊడ్చే పని ఉండనే ఉంది. చెక్కపొడిని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 1995లోనే మనుషులకి క్యాన్సర్ కలిగించే పదార్థాల మొదటి వర్గంలో చేర్చింది. కార్ఖానా వేరుగా ఉంటే కార్మికుడు సాయంత్రం దాన్ని వదిలి ఇంటికొస్తాడు. కార్ఖానాయే ఇల్లయితే, ఇంటినుంచి ఎక్కడికీ పోని మనిషి ఆ పొడిని ఎంతసేపు పీలుస్తుందో ఎవరు లెక్కకట్టాలి? హస్తకళల మీద వచ్చిన అందమైన ఫొటోల పుస్తకాల్లో తిరుగుతున్న కర్ర నుంచి లేచే రజను వెలుగులో మెరుస్తూ కనిపిస్తుంది. చీపురు కనిపించదు.

ఏటికొప్పాక పక్కన మా వైపు ఉదయగిరిని పెట్టి చూస్తే ఈ విషయం ఇంకా తేటపడుతుంది. నెల్లూరు జిల్లా మెట్ట ప్రాంతంలో, దుర్గం కొండల కింద, కొయ్య గరిటెలు, చెంచాలు, ఫోర్కులు చేసే పని తరాలుగా ఉంది. అది తరిమెన పని కాదు, చేత్తో చెక్కే పని. చేసేవాళ్లలో ఎక్కువమంది స్త్రీలు, వారిలోనూ ముస్లిం కుటుంబాల స్త్రీలు చాలామంది. చెంచా గుంట తొలవడం, దాని గోడని పలచగా నిలబెట్టడం, పిడి మీద సన్నని చెక్కడం చెయ్యడం, ఇదంతా గిన్నె తొలిచే పనికి ఏ రకంగానూ తక్కువది కాదు. ఏటికొప్పాకకి 2017లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. దానికి కాస్త ముందే ఉదయగిరికీ వచ్చింది. ఆ గుర్తింపులో ఒకదాని పేరు 'బొమ్మలు', రెండోదాని పేరు 'కట్లరీ'. బొమ్మ గురించి 2020 ఆగస్టులో ప్రధానమంత్రి రేడియోలో మాట్లాడారు. 2025 గణతంత్ర దినోత్సవాన కర్తవ్యపథ్ మీద ఆంధ్రప్రదేశ్ శకటంగా అదే ఊరేగింది, మూడో బహుమతి కూడా తెచ్చుకుంది. గరిటెకి అంత వెలుగు దక్కలేదు. వంటింటికి ఉపయోగపడే వస్తువు, ఆడవాళ్లు చేసే వస్తువు. ఈ రెండు కారణాలూ కలిస్తే దాన్ని కళ అనడానికి నోరు రాకపోవడంలో ఆశ్చర్యం ఏముంది?

ఇందులో ఒక చట్టపరమైన మెలిక కూడా ఉంది. 1999లో చేసిన భౌగోళిక సూచికల చట్టం, 2003లో అమల్లోకి వచ్చింది, ఊరి పేరుని కాపాడుతుంది. ఏ ఒక్కరి సొంతమూ కాదు, సమష్టి ఆస్తి. బాగానే ఉంది. కానీ రిజిస్టరులో రెండు భాగాలుంటాయి. 'ఎ' భాగంలో వస్తువు, దాని యజమాని సంఘం. 'బి' భాగంలో ఆ పేరుని వాడుకునే హక్కున్న అధీకృత వాడుకరులు. సరుకు మీద ఆ గుర్తింపు ముద్ర వేసుకునే హక్కు చట్టప్రకారం రావాలంటే 'బి' భాగంలో పేరుండాలి. పొలం పట్టా ఎవరి పేరున ఉందని మనం చాలాకాలంగా అడుగుతున్నాం. తరిమెన, గరిటె విషయంలో అడగాల్సిన ప్రశ్న కూడా అదే. 'బి' భాగంలో ఏ ఇంటి నుంచి ఎవరి పేరుంది? ఇంట్లో ఇద్దరు పనిచేస్తే ఇద్దరి పేర్లూ ఉన్నాయా, లేక రేషన్ కార్డులో లాగా 'కుటుంబ పెద్ద' ఒక్కడిదే ఉందా?

ఇంతవరకూ చేసేవాళ్ల సంగతి. ఇక భరిణె ఇంట్లోకొచ్చాక ఏం చేస్తుందో చూద్దాం.

కుంకుమ భరిణె అరచేతిలో ఇమిడే పాత్ర. పెళ్లిలో సారెతో పాటు వస్తుంది. పేరంటంలో ఒక స్త్రీ చేతినుంచి ఇంకో స్త్రీ నుదుటికి చేరుతుంది. స్త్రీలు స్త్రీలకి మాత్రమే ఇచ్చిపుచ్చుకునే మర్యాద కనక ఆ భరిణె చుట్టూ ఒక ఆడవాళ్ల లోకం ఉందనిపిస్తుంది. అయితే ఆ లోకంలోకి ప్రవేశం ఇచ్చేది మాత్రం అక్కడ లేని మగవాడు. అతను బతికున్నంత కాలం ఆ మూత ఆమె తీయొచ్చు. అతను పోయిన రోజున భరిణె పగలదు, రంగు వెలవదు, లోపలి కుంకుమ కూడా అలాగే ఉంటుంది. దాన్ని ముట్టే హక్కు మాత్రం ఆమెకి పోతుంది. గాజులు పగలగొట్టడం గురించి మన కథల్లో చాలా రాశాం. పగలగొట్టకుండా పక్కకి జరిపేసిన భరిణె గురించి తక్కువే రాశాం. అది కూతురికో కోడలికో వెళ్తుంది, లేదా పైనున్న అరలోకి వెళ్లి 'అలంకార వస్తువు' అవుతుంది. ఉపయోగం ఆగిపోయిన చోటే అలంకారం మొదలవుతుందని ఎవరైనా అంటే, ఎవరి ఉపయోగాన్ని ఎవరు ఆపారని అడగాలి.

కులం సంగతీ ఇక్కడే వస్తుంది. పేరంటానికి పిలుపు అందరిళ్లకీ వెళ్లదు. భరిణె చేసినవాళ్ల ఇంటికీ, దానికి లక్క ఇచ్చిన అడవి మనుషుల ఇంటికీ ఆ కుంకుమ చేరదు. కాబట్టి భరిణె చుట్టూ 'ఆడవాళ్లందరి' లోకం ఉందని రాసేటప్పుడు ఆ 'అందరి'లో ఎవరు లేరో చెప్పకపోతే మనం కూడా మూత బిగించినవాళ్లమే అవుతాం. దళిత స్త్రీల రచనలు ఈ మాట ఎప్పుడో చెప్పాయి.

లక్కపిడతల సంగతి ఇంకాస్త చిక్కు. నాలుగేళ్ల పిల్ల చేతికి పొయ్యీ గిన్నే ఇవ్వడం అంటే ముప్పై ఏళ్ల చాకిరీకి ముందస్తు శిక్షణ అని స్త్రీవాదం చెప్పింది, నిజమే. విమల 'వంటిల్లు' కవిత తెలుగు పాఠకుల్ని ఎందుకంతగా కదిలించిందంటే, వంటింట్లో గడిచిపోయిన జీవితం ఆడవాళ్లందరికీ తెలిసినదే కనక. కానీ లక్కపిడతలతో ఆడే పిల్లని గమనిస్తే ఇంకోటి కూడా కనిపిస్తుంది. ఆ కుండలో అన్నం ఉడకదు, ఆ పొయ్యి మండదు. ఇసుక పోసి పాయసం అంటుంది. ఎవరికి వడ్డించాలో, ఎవరికి వడ్డించకూడదో తనే నిర్ణయిస్తుంది. కోపం వస్తే మొత్తం బోర్లించి లేచిపోతుంది. అమ్మకి లేని ఆ స్వేచ్ఛ ఆటలో పిల్లకి ఉంది. ఇంగ్లండులో రోజికా పార్కర్ 1984లో వచ్చిన తన పుస్తకంలో కుట్టుపని గురించి ఈ రెండు ముఖాల్నీ కలిపి చూపించింది. అమ్మాయిల్ని 'ఆడతనం'లోకి మలిచిన సాధనం అదే, ఆ ఆడతనాన్ని ధిక్కరించడానికి వాళ్లకి దొరికిన సాధనమూ అదే. లక్కపిడతల్ని చెత్తబుట్టలో పడేస్తే సమస్య తీరదు. వాటిని కొడుక్కి కూడా ఇవ్వడం, కూతురికి బొంగరం ఇవ్వడం అంతకంటే కష్టమైన పని, అంతకంటే అవసరమైన పని.

అలంకారం అన్న మాటని మన సాహిత్యంలో గట్టిగా ప్రశ్నించిన కథ ఒకటుంది, అబ్బూరి ఛాయాదేవి 'బోన్సాయ్ బ్రతుకు'. చదువుకుని ఢిల్లీలో ఉన్న చెల్లెలు ముచ్చటగా పెంచుకుంటున్న బోన్సాయ్ చెట్లని చూసి, పల్లెటూరి అక్కయ్య వాటిలో ఆడవాళ్ల బతుకుని చూస్తుంది. చెట్టుని అందం కోసం పొట్టిగా పెంచడం అంటే ఏమిటో ఆ కథ చదివినవాళ్లు మర్చిపోలేరు. అయితే ఆ కథలో మన చూపంతా చెట్టు మీదే ఉంటుంది. నేను కుండీ గురించి అడుగుతున్నాను. కుండీ కూడా ఎవరో చేసిందే, దాని కొలతే చెట్టు కొలత. భరిణె అరచేతిలో ఇమిడేంత చిన్నదెందుకు, లక్కపిడత పిల్ల పిడికిట్లో పట్టేంత ఎందుకు, ఆ కొలతలు ఎవరి జీవితానికి సరిపోయేలా తీసినవి అన్నది సౌందర్యశాస్త్రం ప్రశ్న మాత్రమే కాదు.

అలంకారానికీ వాడకానికీ మధ్య తగువు గురించి నేను చదివిన వాటిలో అన్నిటికంటే లోతైన కథ అలిస్ వాకర్ 1973లో రాసిన 'ఎవ్రీడే యూజ్'. అమెరికాలో ఒక పేద నల్లజాతి తల్లి, ఇద్దరు కూతుళ్లు. చదువుకుని పట్నం వెళ్లిన డీ ఇంటికొచ్చి అమ్మమ్మల నాటి బొంతల్ని గోడకి తగిలించుకుంటానంటుంది. ఇంట్లోనే ఉన్న మ్యాగీ అయితే వాటిని కప్పుకుంటుంది. చివరికి తల్లి బొంతల్ని మ్యాగీకే ఇస్తుంది. ఈ కథ మీద వచ్చిన విమర్శంతా ఎక్కువగా బొంతల చుట్టూ తిరిగింది. నాకు అందులోని కొయ్య ముఖ్యం. డీ బొంతల కంటే ముందు వెన్న చిలికే తొట్టి మూతని అడుగుతుంది, బల్ల మీద అలంకారంగా పెట్టుకోవడానికి. కవ్వం కూడా అడుగుతుంది. అది ఎవరు చెక్కారో డీకి తెలియదు. మ్యాగీ మెల్లగా చెబుతుంది, ఫలానా పెద్దమ్మ మొదటి భర్త చెక్కాడని, అతని అసలు పేరు ఇది, పిలిచే పేరు ఇది అని. తల్లి ఆ కవ్వం చేతిలోకి తీసుకుని చూస్తుంది. వేళ్లు, బొటనవేళ్లు పట్టిపట్టి కొయ్యలో పడ్డ గుంటలు ఆమెకి కనిపిస్తాయి.

ఇక్కడ వాకర్ చేసిన పని గమనించాలి. కవ్వం చెక్కినవాడు మగవాడు. అతని పేరు పోకుండా దాచింది చదువు లేని మ్యాగీ. కానీ కొయ్య ఆ రూపంతో ఆగిపోలేదు. ఏళ్ల తరబడి చిలికిన చేతులు దాన్ని ఇంకా చెక్కుతూనే ఉన్నాయి. అంటే వాడినవాళ్లు కూడా తయారు చేసినవాళ్లే. డీ తప్పు దాన్ని కళ అనడం కాదు. డీ లాంటివాళ్లు లేకపోతే మన అమ్మమ్మల పని ఏ మ్యూజియం గడపా తొక్కేది కాదు. ఆ చేతుల పేర్లు అడక్కుండా వస్తువుని పట్టుకుపోవడం ఆమె తప్పు. మనలో చాలామందిమి, ఊరు వదిలి యూనివర్సిటీలకి వచ్చినవాళ్లం, డీకి దగ్గరి చుట్టాలమే.

వాకర్ కథని మన ధర్మశాస్త్రం పక్కన పెడితే ఒక వింత కనిపిస్తుంది. మనుస్మృతి అయిదో అధ్యాయంలో ఏ వస్తువుని ఎలా శుద్ధి చెయ్యాలో జాబితా ఉంది. లోహానికి ఒక పద్ధతి, బట్టకి ఒక పద్ధతి. కొయ్యకి మాత్రం పైపొర చెక్కి తీసేయడమే శుద్ధి. కొయ్య స్పర్శని తనలోకి పీల్చుకుంటుందని ఆ శాస్త్రకారుడికీ తెలుసు, వాకర్ కథలోని తల్లికీ తెలుసు. అతను ఆ స్పర్శని చెక్కి పారెయ్యమంటాడు. ఆమె దాన్ని వేళ్లతో తడిమి చదువుతుంది. వస్తువుల మీద స్త్రీవాద విమర్శ ఏ పక్షాన నిలబడాలో ఇంతకంటే వివరంగా చెప్పనక్కర్లేదు.

కర్తృత్వం గురించి ఇంకో ఉదాహరణ చెప్పాలి, ఇది నేరుగా తరిమెన గిన్నెలదే. అమెరికాలో కొయ్య గిన్నెని కళాఖండం స్థాయికి తెచ్చినవాళ్లలో బాబ్ స్టాక్స్‌డేల్ ఒకడు. రెండో ప్రపంచ యుద్ధంలో తుపాకీ పట్టనని నిరాకరించినవాళ్ల శిబిరంలో ఉంటూ గిన్నెలు తిప్పడం మొదలుపెట్టాడు. అతని భార్య కే సెకిమాచి, జపనీస్ సంతతి. అదే యుద్ధంలో ఆమె కుటుంబాన్ని అమెరికా ప్రభుత్వం యూటా ఎడారిలోని టోపాజ్ నిర్బంధ శిబిరంలో పెట్టింది. 1949లో నేతపని మొదలుపెట్టి పేరున్న కళాకారిణి అయింది. 1972లో వాళ్లు పెళ్లి చేసుకున్నారు. ఆమె భర్త గిన్నెల్ని అచ్చుగా వాడుకుని, వాటి మీద కాగితం పొరలు పరిచి, ఆరాక తీసి, కాగితపు గిన్నెలు చేసింది. చేతిలో పెట్టుకుంటే బరువే ఉండదు, వెలుతురు లోపలికి వస్తుంది.

వీటిని ఎలా చదవాలి? భర్త నీడలో భార్య కళ అని తేల్చెయ్యొచ్చు. కానీ నాకు అలా అనిపించదు. ఆమె అతని గిన్నె నుంచి కొయ్యని తీసుకోలేదు, రంగునీ పోగునీ తీసుకోలేదు. వంపుని మాత్రం తీసుకుని మిగతా అంతా తన వస్తువుతో, తన పనితనంతో నింపింది. పైగా దాచిపెట్టలేదు. 1993లో ఇద్దరి పనినీ 'మ్యారేజ్ ఇన్ ఫామ్' అన్న పేరుతో ఒకే ప్రదర్శనలో పక్కపక్కన పెట్టారు, రెండు పేర్లతో. ఎవరి పని ఎవరి మీద ఆనుకుందో చూసేవాళ్లకి తెలిసింది. మన హస్తకళా కుటుంబాల్లో ఈ ఆనుకోవడం ఇంతకంటే ఎక్కువే ఉంది. లేనిది రెండో పేరు.

గిన్నె గురించి మాట్లాడుతూ ఉర్సులా లె గ్విన్‌ని తలుచుకోకుండా ఉండలేం. 1986లో రాసిన ఒక వ్యాసంలో ఆమె, ఎలిజబెత్ ఫిషర్ 1979 నాటి పుస్తకంలో చేసిన ప్రతిపాదన మీద ఆధారపడి, మనిషి తొలి పనిముట్టు ఈటె కాదు, ఏరుకున్న గింజల్ని పట్టుకునే సంచో బుట్టో గిన్నో అయ్యుంటుందంది. అక్కడితో ఆగకుండా కథ కూడా బాణంలా ఒకవైపు దూసుకుపోయే వీరగాథ కానక్కర్లేదని, ఎన్నో విషయాల్ని కలిపి పట్టుకునే పాత్రలాంటిదని వాదించింది. స్త్రీలు రాసిన కథల్లో 'సంఘటన లేదు', 'ఉత్కంఠ లేదు' అని విసుక్కునే మన విమర్శకులకి ఇది మంచి జవాబు.

అయితే ఈ ఆలోచనలో ఒక ప్రమాదం ఉంది. పాత్ర అంటే స్త్రీ, స్త్రీ అంటే గర్భం, గర్భం అంటే ఓర్పు అంటూ జారిపోవడం తేలిక. పితృస్వామ్యం కూడా మనల్ని పాత్రలే అంది కదా, వంశాన్ని మోసే పాత్రలు. పట్టుకోవడం అనేది స్త్రీ స్వభావం కాదు, అది ఒక పని. తరిమెన ఆ మాట చాలా సూటిగా చెబుతుంది. ఖాళీ తనంతట తాను రాదు. నిండు కొయ్యని గంటల తరబడి తొలిస్తే వస్తుంది. తీసేసిన కొయ్యంతా రజనై ఎవరి ఊపిరితిత్తుల్లోకో, ఎవరి చీపురు కిందికో పోతుంది. ఆ ఖాళీలో ఏం పోయాలో, ఎవరు మూత తియ్యొచ్చో మళ్లీ ఇంకెవరో నిర్ణయిస్తారు. మెరిసే బయటి వంపు గురించి మాత్రమే రాసే విమర్శ ఈ మొత్తం వ్యవహారాన్ని చూడకుండా తప్పించుకుంటోంది.

మనం చెయ్యగలిగిన పనులు చిన్నవే, కానీ ఉన్నాయి. యూనివర్సిటీల్లో హస్తకళల మీద పరిశోధన చేయించేవాళ్లు పనిని ఉలి దగ్గర మొదలుపెట్టకుండా కర్ర దగ్గర మొదలుపెట్టి చీపురు దగ్గర ముగించమని చెప్పొచ్చు. ఇంటర్వ్యూకి వెళ్లినప్పుడు టీ ఇచ్చి లోపలికి వెళ్లిపోతున్న ఆమెని కూర్చోమని, ఆమె ఏమేం చేస్తుందో గంటల లెక్కన అడగొచ్చు. రాష్ట్ర హస్తకళల అభివృద్ధి సంస్థ లేపాక్షి దుకాణాల్లో వస్తువు పక్కన ధర చీటీ ఉంటుంది, ఇద్దరు చేసిన దానికి రెండు పేర్ల చీటీ పెట్టమని కోరవచ్చు. ఉదయగిరి, ఏటికొప్పాకల భౌగోళిక గుర్తింపు 'బి' భాగంలో ఎంతమంది స్త్రీలున్నారో సమాచార హక్కు చట్టం కింద అడగడానికి పది రూపాయల రుసుము చాలు. ఆ జవాబు వచ్చాక దాన్ని ఇలాంటి పత్రికలో అచ్చువేస్తే, తరిమెన కళ మీద ఇంతవరకూ వచ్చిన ఏ రంగుల పుస్తకం కన్నా అది ఎక్కువ చెబుతుంది.